కోత చిన్నదైతే ప్రాణం నిలుస్తుందా? అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ వెనక వందేళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ అన్నం తింటూ చూస్తున్నవాళ్లు ఉంటే పర్లేదు, తింటూనే వినండి. ఎందుకంటే మీరు మింగిన ఆ ముద్ద వెళ్లే దారి గురించే ఇవాళ మాట్లాడుకోబోతున్నాం.

1913 మార్చి 14. న్యూయార్క్‌లో జర్మన్ హాస్పిటల్. ఆపరేషన్ టేబుల్ మీద 67 ఏళ్ల ఒక పెద్దావిడ. గొంతు నుంచి కడుపులోకి వెళ్లే గొట్టం ఉంటుంది కదా, దాన్నే అన్నవాహిక అంటాం. ఆవిడకి ఆ గొట్టంలో, సరిగ్గా ఛాతీ భాగంలో క్యాన్సర్ గడ్డ. ఫ్రాంజ్ టోరెక్ అనే సర్జన్ ఆవిడ ఛాతీ తెరిచి, గడ్డ ఉన్న అన్నవాహికని తీసేశారు. ఆవిడ బతికారు. ఛాతీలో ఉన్న అన్నవాహిక క్యాన్సర్‌ని కోసి తీసి, రోగిని ప్రాణాలతో ఇంటికి పంపించడం అదే మొదటిసారి.

మరి గొట్టమే తీసేస్తే అన్నం ఎలా తింటారు? ఇది వింటే ఆశ్చర్యపోతారు. అన్నవాహికలో మిగిలిన పై భాగాన్ని చర్మం బయటికి తెచ్చి అక్కడ ఒక రంధ్రం ఉంచారు. కడుపు దగ్గర ఇంకో రంధ్రం. ఈ రెండింటినీ కలుపుతూ ఒంటి బయట ఒక రబ్బరు ట్యూబు. ఆవిడ మనలాగే నోటితో నమిలి మింగేవారు. ఆ ముద్ద బయటికొచ్చి, బట్టల కింద ఉన్న రబ్బరు ట్యూబులోంచి దిగి, మళ్లీ కడుపులోకి వెళ్లేది. అలా 13 ఏళ్లు బతికారు. చివరికి చనిపోయింది క్యాన్సర్ తిరగబెట్టి కాదు, న్యుమోనియాతో. ఈ న్యుమోనియా అనే మాట గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు 1913 నుంచి నేరుగా ఈ రోజుకి వద్దాం. ఇవాళ ఎవరింట్లోనైనా అన్నవాహిక క్యాన్సర్ అని తెలిసి ఆపరేషన్ దాకా వస్తే, ఫ్యామిలీ అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "డాక్టర్ గారూ, ఓపెన్ చేస్తారా, లాపరోస్కోపీ చేస్తారా?" అంటే పెద్ద కోతా, చిన్న రంధ్రాలా? మనకి సహజంగా అనిపించేది ఏంటంటే, చిన్న రంధ్రాలంటే చిన్న ఆపరేషన్, పెద్ద కోత అంటే పెద్ద ఆపరేషన్ అని. అది నిజమేనా? దీనికి జవాబు దొరకాలంటే ఆ వందేళ్ల కథ తెలియాలి.

ముందు ఆ గొట్టం ఎక్కడుందో చూద్దాం. పెద్దవాళ్లలో అన్నవాహిక పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. మీ చేతిలో ఉన్న ఫోన్‌కి ఒకటిన్నర రెట్లు అనుకోండి. కానీ అది ఉన్న చోటు చూడండి. ముందు శ్వాసనాళం, కిందికి వస్తే గుండె. వెనక వెన్నెముక. పక్కనే ఒంట్లోకెల్లా పెద్ద రక్తనాళం, బృహద్ధమని. రెండు వైపులా ఊపిరితిత్తులు. అంటే ప్రాణానికి కీలకమైనవన్నీ చుట్టూ కాపలా కాస్తుంటే మధ్యలో నక్కి ఉంటుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కడుపుకి, పేగులకి పైన ఒక గట్టి పొర ఉంటుంది, అన్నవాహికకి ఆ పొర లేదు. దానివల్ల క్యాన్సర్ పక్కకి పాకడం తేలిక, కుట్లు పట్టి నిలవడం కష్టం.

1871లో థియోడోర్ బిల్‌రోత్ అనే సర్జన్ కుక్కల మెడలో అన్నవాహిక ముక్కని తీసి, అవి బతకగలవని చూపించారు. 1877లో ఆయన శిష్యుడు విన్సెంజ్ చెర్నీ మనిషి మెడ భాగంలో ఉన్న క్యాన్సర్‌ని తీశారు. సరే, మెడలో చేయగలిగారు. మరి ఛాతీలోకి వెళ్లడానికి 1913 దాకా, అంటే ఇంకో 36 ఏళ్లు ఎందుకు పట్టింది?

ఎందుకంటే ఛాతీ తెరిస్తే ఊపిరి ఆగిపోతుంది. మన ఊపిరితిత్తులు ఊదిన బెలూన్ల లాంటివి. పక్కటెముకల గూడు లోపల బయటి గాలి కన్నా తక్కువ ఒత్తిడి ఉంటుంది కాబట్టే అవి విచ్చుకుని ఉంటాయి. గూటికి పెద్ద కోత పెట్టగానే బయటి గాలి లోపలికి దూరి, ఊపిరితిత్తి చటుక్కున ముడుచుకుపోతుంది. పొట్ట కోస్తే రోగి ఊపిరి తీసుకుంటూనే ఉంటాడు. ఛాతీ కోస్తే కొద్ది నిమిషాల్లో ఉక్కిరిబిక్కిరై ప్రాణం పోయే ప్రమాదం.

దీనికి జర్మనీలో ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్ అనే యువ డాక్టర్ 1904లో ఒక వింత పరిష్కారం చూపించారు. ఆపరేషన్ గదినే ఒక మూసేసిన పెట్టెలా చేశారు. సర్జన్, సహాయకులు, రోగి మొండెం పెట్టె లోపల. రోగి తల మాత్రం బయట, మెడ చుట్టూ గాలి చొరకుండా బిగించిన పట్టీ. పెట్టె లోపల గాలి ఒత్తిడి తగ్గిస్తే, ఛాతీ తెరిచినా ఊపిరితిత్తి ముడుచుకోదు. ఐడియా అద్భుతం, కానీ ప్రతి ఆసుపత్రిలో అలాంటి గది కట్టగలరా? 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో మెల్ట్‌జర్, ఆయర్ అనే ఇద్దరు ఇంకా తేలికైన దారి కనిపెట్టారు. శ్వాసనాళంలోకి సన్నని ట్యూబు పెట్టి, మత్తు కలిపిన గాలిని లోపలికి ఊదుతూ ఉండటం. టోరెక్ వాడింది ఈ పద్ధతే. అందుకే 1913లో ఆ పెద్దావిడ బతికారు. ఇవాళ మత్తు డాక్టర్లు గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్‌కి పెట్టడం చూస్తాం కదా, దాని పూర్వీకుడు ఇదే.

అంటే గమనించారా, మొదటి గెలుపు కత్తిది కాదు, ఊపిరిది. ఛాతీ తెరిచి ఉన్నంతసేపు ఊపిరి ఆగకుండా చూడటం వచ్చాకే సర్జన్‌కి పని చేసే అవకాశం వచ్చింది.

తర్వాత ఆ రబ్బరు ట్యూబుని వదిలించుకోవాలి. జపాన్‌లోని క్యోటోలో తోరు ఓసావా అనే సర్జన్ 1933లో, గడ్డ తీసేశాక కడుపునే ఛాతీలోకి లాగి, మిగిలిన అన్నవాహికకి లోపలే కుట్టిన కేసులు ప్రచురించారు. 1938లో చికాగోలో ఆడమ్స్, ఫెమిస్టర్ అలాంటి ఆపరేషన్ ఒకే విడతలో చేశారు. 1946లో వేల్స్ ప్రాంతానికి చెందిన ఐవర్ లూయిస్ ఒక కొత్త దారి చెప్పారు. ముందు పొట్ట తెరిచి కడుపుని వదులు చేయాలి, తర్వాత ఛాతీని కుడివైపు నుంచి తెరవాలి. ఎడమవైపు బృహద్ధమని అడ్డొస్తుంది, కుడివైపు నుంచి అయితే అన్నవాహిక బాగా కనిపిస్తుంది. ఈ ఆపరేషన్‌ని ఈ రోజుకీ ప్రపంచమంతా ఐవర్ లూయిస్ పేరుతోనే పిలుస్తారు.

1976లో ఇంగ్లండ్ సర్జన్ కెన్నెత్ మెకియోన్ దానికి మూడో కోత చేర్చారు. పొట్ట, ఛాతీ, మెడ. కుట్టు ఛాతీలో కాకుండా మెడలో వేయాలన్నారు. కారణం చాలా ప్రాక్టికల్. కుట్టు లీకైతే ఎంగిలి, కడుపులోని ద్రవాలు బయటికొస్తాయి. అవి ఛాతీలోకి కారితే గుండె చుట్టూ చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. మెడలో కారితే, గాయం కొంచెం విప్పి బయటికి పంపేయొచ్చు.

ఇన్ని మెరుగులు దిద్దారు కదా, మరి ఫలితాలు ఎలా ఉన్నాయి? 1980లో ఎర్లమ్, కున్హా-మెలో అనే ఇద్దరు డాక్టర్లు అప్పటిదాకా ప్రపంచంలో వచ్చిన రిపోర్టులన్నీ కలిపి లెక్కేశారు. మొత్తం 83,783 మంది రోగులు. వాళ్ల లెక్కని 100 మందికి కుదించి చెప్తాను, నెమ్మదిగా వినండి. 100 మందిలో 58 మందికి ఆపరేషన్ కోసం తెరిచారు. 39 మందికి మాత్రమే గడ్డ తీయగలిగారు. ఆ 39లో 13 మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. 26 మంది ఇంటికెళ్లారు. ఏడాదికి 18 మంది మిగిలారు. రెండేళ్లకి 9 మంది. ఐదేళ్లకి నలుగురు.

వందకి నలుగురు. ఒక తరం క్రితం మన ఇళ్లలో "ఆ జబ్బుకి కత్తి పెడితే మనిషి దక్కడు" అనే భయం ఉండేదంటే, ఆ భయం ఊరికే పుట్టలేదు.

మరి ఆపరేషన్ చేశాక అంతమంది ఎందుకు చనిపోయారు? కుట్టు లీకవడం ఒక పెద్ద కారణం. రెండోది ఊపిరితిత్తులు. ఓపెన్ ఆపరేషన్ అంటే ఏంటో ఊహించండి. పక్కటెముకల మధ్య కోసి, ఇనుప పరికరంతో వాటిని ఎడంగా విప్పుతారు. పని చేయడానికి చోటు కావాలి కాబట్టి ఒక ఊపిరితిత్తిని గంటల తరబడి ముడిచి ఉంచుతారు. పొట్ట మీద ఇంకో పొడవాటి కోత. ఆపరేషన్ అయ్యాక రోగికి దగ్గితే నొప్పి, గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటాడు. కఫం లోపలే పేరుకుంటుంది. అక్కడ న్యుమోనియా మొదలవుతుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్ల చేతికి మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చి "పీల్చండి, బంతులు పైకి లేవాలి" అని నర్సులు వెంటపడతారు చూశారా? అది ఈ న్యుమోనియాని ఆపడానికే.

అందుకే కొందరు సర్జన్లు అసలు ఛాతీ తెరవకపోతే ఎలా ఉంటుంది అని ఆలోచించారు. 1933లోనే ఇంగ్లండ్‌లో గ్రే టర్నర్ అనే ఆయన పొట్టలోంచి, మెడలోంచి చేతులు పెట్టి అన్నవాహికని లాగి తీశారు. ఆ పద్ధతిని 1978లో అమెరికాలోని మిచిగన్ యూనివర్సిటీకి చెందిన మార్క్ ఒరింజర్ మళ్లీ బతికించారు. సర్జన్ చెయ్యి కింద నుంచి గుండె వెనక్కి వెళ్తుంది, కంటికి సరిగా కనిపించని చోట వేళ్ల స్పర్శతోనే గొట్టాన్ని విడదీస్తుంది. ఛాతీ కోత లేదు కాబట్టి ఊపిరికి మేలు. కానీ విమర్శకులు ఒక మాట అడిగారు. కనిపించకుండా తీస్తే చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల సంగతేంటి? క్యాన్సర్ ముందుగా పాకేది వాటిలోకే కదా?

ఈ గొడవ తేల్చడానికి నెదర్లాండ్స్‌లో 220 మందితో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. ఛాతీ తెరిచినవాళ్లలో 57 శాతం మందికి ఊపిరితిత్తుల సమస్యలు. తెరవనివాళ్లలో 27 శాతం. సగానికి సగం తేడా. కానీ ఐదేళ్లు బతికినవాళ్లు ఛాతీ తెరిచిన గ్రూపులో 39 శాతం, తెరవని గ్రూపులో 29 శాతం. ఈ రెండో తేడా కచ్చితమని చెప్పడానికి లెక్కలు సరిపోలేదు, అయినా సర్జన్ల మనసుల్లో అనుమానం మిగిలిపోయింది.

కథలో అసలు చిక్కు ఇక్కడుంది. శుభ్రంగా తీయాలంటే కళ్లతో చూడాలి. చూడాలంటే ఛాతీ తెరవాలి. తెరిస్తే ఊపిరి దెబ్బతింటుంది. చూపు కావాలా, ఊపిరి కావాలా? 1904లో సావర్‌బ్రుఖ్ పెట్టె కట్టినప్పుడూ ఇదే ప్రశ్న, ఒరింజర్ ముందూ ఇదే ప్రశ్న.

తెరవకుండా చూడగలిగితే? ఆ దారి అన్నవాహిక వైపు నుంచి రాలేదు, పిత్తాశయం వైపు నుంచి వచ్చింది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు పెట్టి పిత్తాశయం తీశారు. అప్పటి పెద్దలు ఆయన్ని పట్టించుకోలేదు, చాలామంది ఎగతాళి చేశారు. కానీ ఫ్రాన్స్‌లో 1987లో ఫిలిప్ మురే వీడియో కెమెరాతో అదే పని చేశాక, కొన్నేళ్లలోనే అది ప్రపంచమంతా పాకింది. ఇవాళ మన చిన్న టౌన్లలో కూడా గాల్‌బ్లాడర్‌లో రాళ్లంటే లాపరోస్కోపీయే.

1992లో స్కాట్లండ్‌లోని డండీలో ఆల్ఫ్రెడ్ కుషియెరి బృందం ఇదే కెమెరా పద్ధతితో కుడి ఛాతీలోకి వెళ్లి అన్నవాహికని విడదీసింది. పక్కటెముకలు విప్పలేదు, మధ్యలో రంధ్రాలు మాత్రమే. తెర మీద అన్నవాహిక పెద్దదిగా, వెలుతురులో కనిపించింది. ఛాతీ తెరిచి వంగి చూసే కన్నా స్పష్టంగా.

కానీ వెంటనే గెలిచేశారనుకోకండి. తొలి ఏళ్లలో చాలామంది సర్జన్లకి ఇది నిరాశే మిగిల్చింది. ఆపరేషన్ గంటలు గంటలు సాగేది. ఊపిరితిత్తిని ముడవడం మాత్రం తప్పలేదు. "ఇంత కష్టపడి ఏం సాధించాం?" అని వదిలేసినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ మన పక్క రాష్ట్రం కథలోకి వస్తుంది. తమిళనాడులో కోయంబత్తూరు. డాక్టర్ సి. పళనివేలు బృందం 130 మంది రోగుల అనుభవాన్ని 2006లో అమెరికన్ జర్నల్‌లో ప్రచురించింది. వాళ్లు చేసింది వింటే చాలా సింపుల్‌గా అనిపిస్తుంది. రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టే బదులు బోర్లా పడుకోబెట్టారు. అన్నవాహిక ఛాతీలో వీపు వైపు ఉంటుంది కదా. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తి, గుండె వాటి బరువుకే కిందికి, అంటే ముందు వైపుకి జారతాయి. కారిన రక్తం కూడా కిందికే పోతుంది. అన్నవాహిక పైన తేరగా కనిపిస్తుంది. ఊపిరితిత్తిని పూర్తిగా ముడిచి, పరికరంతో నొక్కి పట్టుకోవాల్సిన అవసరం తగ్గిపోయింది. బోర్లా పద్ధతిని అంతకుముందు కుషియెరి కూడా ప్రయత్నించారు, కానీ ఇంత పెద్ద అనుభవంతో వచ్చిన ఈ రిపోర్టు తర్వాతే ప్రపంచంలో చాలామంది చూపు దాని మీద పడింది.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌కి చెందిన జేమ్స్ లూకటిచ్ 2003లోనే 222 మంది రోగుల లెక్క బయటపెట్టారు. ఆపరేషన్ తర్వాత మరణాలు 1.4 శాతం. 1980 నాటి లెక్కలో గడ్డ తీయించుకున్న 39 మందిలో 13 మంది పోయారని చెప్పుకున్నాం, దాని పక్కన ఈ అంకె పెట్టి చూడండి. అయితే ఒక జాగ్రత్త. ఈ తేడా మొత్తం రంధ్రాల ఘనత కాదు. ఈ మధ్యలో మత్తు మందులు మారాయి, ఐసీయూలు వచ్చాయి, స్కాన్లు వచ్చాయి, ఎవరికి ఆపరేషన్ చేయాలో ముందే తెలుసుకోవడం వచ్చింది. ఓపెన్ సర్జరీ కూడా అప్పటికి చాలా మెరుగుపడింది. మరి నిజమైన పోలిక ఎలా?

చీటీలు వేసినట్టు రోగుల్ని రెండు గ్రూపులుగా విడదీసి పోల్చాలి. ఆ పని చేసింది టైమ్ ట్రయల్. నెదర్లాండ్స్, స్పెయిన్, ఇటలీలో 5 ఆసుపత్రులు, 115 మంది రోగులు, ఫలితాలు 2012లో లాన్సెట్ పత్రికలో. ఓపెన్ గ్రూపులో 56 మంది, చిన్న రంధ్రాల గ్రూపులో 59 మంది. ఈ రెండో గ్రూపుకి చేసింది బోర్లా పడుకోబెట్టే. మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ఓపెన్‌లో 29 శాతం, చిన్న రంధ్రాల్లో 9 శాతం. మూడో వంతుకి పడిపోయింది. రక్తం పోవడం 475 మిల్లీలీటర్ల నుంచి 200కి తగ్గింది. ఆసుపత్రిలో ఉన్నది 14 రోజులకి బదులు 11 రోజులు.

మరణాలు? ఓపెన్‌లో ఒకరు, చిన్న రంధ్రాల్లో ఇద్దరు. అంటే అంత తక్కువ మందిలో తేడా ఉందని చెప్పలేం. మూడేళ్ల తర్వాత చూసినా, బతికున్నవాళ్ల విషయంలో రెండు గ్రూపుల మధ్య గట్టిగా నిలబడే తేడా కనిపించలేదు. కాబట్టి చిన్న రంధ్రాలు క్యాన్సర్‌ని ఎక్కువ నయం చేస్తాయని ఈ ట్రయల్ చెప్పలేదు. ఊపిరితిత్తుల్ని కాపాడతాయని, కోలుకోవడం తేలిక చేస్తాయని చెప్పింది. ఈ రెండింటి మధ్య తేడా మనకి స్పష్టంగా ఉండాలి.

ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ మారియెట్ అనే సర్జన్ ఇంకో తెలివైన ప్రశ్న వేశారు. రెండూ రంధ్రాలతో చేయడం అందరికీ చేతకాకపోతే, పొట్ట భాగం ఒక్కటే లాపరోస్కోపీతో చేసి ఛాతీ మాత్రం ఓపెన్‌గా చేస్తే? 207 మంది రోగులతో చేసిన ఆ మిరో ట్రయల్ 2019లో అచ్చయింది. పెద్ద సమస్యలు ఓపెన్‌లో 64 శాతం, ఈ సగం-సగం పద్ధతిలో 36 శాతం. ఊపిరితిత్తుల పెద్ద సమస్యలు 30 నుంచి 18 శాతానికి తగ్గాయి. ఛాతీ కోత అలాగే ఉన్నా ఊపిరికి మేలు జరిగింది, ఎందుకంటే పొట్ట కండరాలు కోస్తే కూడా దగ్గలేం, గట్టిగా ఊపిరి తీసుకోలేం. విషాదం ఏంటంటే, ఫలితాలు అచ్చులో చూసుకోవడానికి మారియెట్ లేరు. 2017లోనే కన్నుమూశారు.

తర్వాత రోబో వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 112 మందితో పోల్చితే, ఓపెన్‌లో 80 శాతం మందికి ఏదో ఒక సమస్య వస్తే, రోబో గ్రూపులో 59 శాతం మందికి వచ్చింది. గమనించండి, రోబోతో చేసినా సగానికి పైగా మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. బయట రంధ్రం ఎంత చిన్నదైనా లోపల జరిగేది అదే పని. అన్నవాహిక తీయాలి, కడుపుని సన్నని గొట్టంలా మార్చి పైకి లాగాలి, కుట్టాలి. లోపలి ఆపరేషన్ చిన్నది కాలేదు.

ఇప్పటిదాకా విన్నది గెలుపు కథలా ఉంది కదా. ఇక దాని ఖరీదు చెప్తాను. ఇంగ్లండ్‌లో దేశం మొత్తం మీద జరిగిన 7,502 ఆపరేషన్ల లెక్క 2012లో వచ్చింది. ఎంపిక చేసిన ఐదు ఆసుపత్రులు కాదు, అన్నీ. నెల రోజుల్లోపు మరణాలు ఓపెన్‌లో 4.3 శాతం, చిన్న రంధ్రాల్లో 4 శాతం. దాదాపు సమానం. కానీ మళ్లీ ఏదో ఒక ప్రొసీజర్ చేయాల్సి రావడం చిన్న రంధ్రాల్లోనే ఎక్కువ, 17.6 శాతానికి బదులు 21 శాతం. ట్రయల్‌లో మెరిసిన పద్ధతి బయటికొచ్చేసరికి మెరుపు తగ్గింది. కారణం చాలావరకు ఊహించవచ్చు. చాలామంది సర్జన్లు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు.

నేర్చుకోవడానికి ఎన్ని ఆపరేషన్లు పడతాయి? 2019లో యూరప్‌లోని అనుభవమున్న సెంటర్లలో 646 మంది రోగుల్ని చూసి లెక్కగట్టారు. పూర్తి చిన్న రంధ్రాలతో ఐవర్ లూయిస్ ఆపరేషన్ చేసేటప్పుడు చెయ్యి కుదురుకోవడానికి 119 కేసులు పట్టాయి. మొదట్లో కుట్టు లీక్ 18.8 శాతం, కుదురుకున్నాక 4.5 శాతం. ఆ నేర్చుకునే కాలంలో 36 మంది రోగులకి జరిగిన లీకులు, చెయ్యి తిరిగినవాళ్లు చేసుంటే జరగకపోయేవని తేల్చారు. అది రాసింది బయటి విమర్శకులు కాదు, ఆ రంగంలో ఉన్న సర్జన్లే. తమ చేతుల లెక్క తామే బయటపెట్టడానికి ధైర్యం కావాలి. మనకి అందిన కొత్త పద్ధతి కోసం ఆ 36 మంది మూల్యం కట్టారని మర్చిపోకూడదు.

ఓపెన్ సర్జరీకి కూడా ఇదే సూత్రం. 2002లో అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ ఆపరేషన్ చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు దాదాపు 20 శాతం, ఎక్కువగా చేసేచోట దాదాపు 8 శాతం. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇంత పెద్ద తేడా రాదు. నెదర్లాండ్స్ ప్రభుత్వ వ్యవస్థ దీన్ని సీరియస్‌గా తీసుకుంది. 2006 నుంచి ఏడాదికి కనీసం 10 కేసులు చేయని ఆసుపత్రి ఈ ఆపరేషన్ చేయకూడదు, 2011 నుంచి కనీసం 20 అని రూల్ పెట్టింది.

ఇంకో మాట. ఎక్కువ మంది ఎక్కువ కాలం బతకడానికి పెద్ద తోడ్పాటు కత్తి బయట నుంచి వచ్చింది. 2012లో వచ్చిన క్రాస్ ట్రయల్‌లో, ఆపరేషన్‌కి ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చారు. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో సగం మంది 24 నెలలు దాటి బతికితే, ముందు ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో సగం మంది 49 నెలలు దాటి బతికారు. రెట్టింపు. అందుకే "వెంటనే కోసి తీసేయండి" అని డాక్టర్ మీద ఒత్తిడి పెట్టడం చాలాసార్లు తప్పు. కొన్ని వారాలు ఆగి ముందు మందులిస్తామంటే, అది ఆలస్యం చేయడం కాదు.

సరే, మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. కోత చిన్నదైతే ప్రాణం నిలుస్తుందా? వందేళ్ల కథ చెప్పేది ఇది. చెయ్యి తిరిగిన బృందం చేస్తే చిన్న రంధ్రాల పద్ధతి ఊపిరిని కాపాడుతుంది, నొప్పి తగ్గిస్తుంది, మనిషిని తొందరగా ఇంటికి పంపుతుంది. టోరెక్ కాలం నుంచి సర్జన్లని వేధించిన చూపా, ఊపిరా అనే చిక్కుకి అది ఇప్పటికి దొరికిన మంచి జవాబు. అలాగని చెయ్యి తిరగని చోట చిన్న రంధ్రాల కన్నా, బాగా అలవాటున్న చోట ఓపెన్ ఆపరేషన్‌ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

కాబట్టి ఎప్పుడైనా మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లకో ఈ పరిస్థితి వస్తే, ఆసుపత్రిలో ఫోన్ పట్టుకుని గూగుల్ చేసి పెట్టే మనిషి మీరే అవుతారు. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. మీరు మర్యాదగా అడగండి. "సార్, ఈ ఆపరేషన్ ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు? మీ బృందానికి ఏ పద్ధతి బాగా అలవాటు? ముందు కీమో, రేడియేషన్ అవసరమా?" ఈ మూడూ అడిగాకే "ఓపెనా, లాపరోస్కోపీయా" అని అడగండి. మంచి డాక్టర్ ఎవరూ ఈ ప్రశ్నలకి కోప్పడరు.

ఆపరేషన్‌కి ముందు పొగ మానేయడం, నడవడం, ఆ మూడు బంతుల పరికరంతో సాధన చేయడం కూడా ఊపిరి కోసమే. ఆపరేషన్ అయ్యాక కంచం నిండా పెట్టి "తినండి తినండి" అని బలవంతం చేయకండి. కడుపు ఇప్పుడు సన్నని గొట్టం అయింది. కొంచెం కొంచెంగా, రోజుకి ఐదారుసార్లు. తిన్న వెంటనే పడుకోకూడదు, రాత్రి తల వైపు ఎత్తు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో చెప్తున్నా. మన దేశంలో ఈ క్యాన్సర్ ఎక్కువగా పొగాకు, మద్యంతో ముడిపడి వస్తుంది. చాలామంది ఆలస్యంగా వస్తారు. ముందు గట్టి ముద్ద దిగదు. మజ్జిగన్నం చేసుకుని సర్దుకుంటారు. తర్వాత అదీ దిగదు, జావ తాగుతారు. మంచినీళ్లు కూడా దిగనప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు మెల్లగా అన్నం మానేసి పల్చటివాటికి మారుతున్నారంటే, "వయసు మీద పడింది, అరగట్లేదు" అని వదిలేయకండి. ఒక్క ఎండోస్కోపీ చేయిస్తే తెలిసిపోతుంది. బాగా తొలి దశలో దొరికితే కొందరికి కోత, రంధ్రం ఏదీ లేకుండా ఎండోస్కోపీతోనే తీసేసే అవకాశం కూడా ఉంది.

1913లో ఆ పెద్దావిడ రబ్బరు ట్యూబుతో 13 ఏళ్లు అన్నం తిన్నారు. ఇవాళ అంత కష్టం ఎవరికీ అక్కర్లేదు, కానీ టైముకి వెళ్లాలి.

ఇవాళ్టికి ఇంతే. ఇంట్లో పొగ తాగేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి వినిపించండి, తిట్టకుండా. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.